జీతం లేని పదహారు సీజన్లు

హెన్రీ షెఫ్లిన్ 1979 జనవరిలో ఐర్లండ్‌లోని కిల్కెన్నీ కౌంటీలో, బాలిహేల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఇంటివాళ్లు పబ్ నడిపేవారు. ఊరి క్లబ్బు పేరు బాలిహేల్ షామ్‌రాక్స్. షెఫ్లిన్ ఆడిన ఆట హర్లింగ్, ఐర్లండ్‌వాళ్ల కర్రా బంతీ ఆట. ఇందులో జట్టును వెతుక్కునే బెడద ఆటగాడికి సాధారణంగా ఉండదు. ఏ ఊరివాడు ఆ ఊరి క్లబ్బుకీ, ఏ కౌంటీవాడు ఆ కౌంటీకీ ఆడతాడు. వేలంపాటలు లేవు, జీతాలూ లేవు. 1884లో పుట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ ఈ ఆటను నేటికీ అమెచ్యూర్ ఆటగానే నడుపుతోంది. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో 80 వేల మంది టికెట్టు కొని చూసిన ఆటగాడు కూడా మర్నాటి నుంచి తన ఉద్యోగం తాను చూసుకోవాల్సిందే. షెఫ్లిన్ బ్యాంకులో పనిచేశాడు.

జట్టుకు 15 మంది. చేతిలో యాష్ చెట్టు కలపతో చేసిన, కొస వెడల్పుగా ఉండే కర్ర. బంతి చిన్నది, తోలుది. గోలు అడ్డుకర్ర కింద నుంచి వలలోకి కొడితే గోలు, అంటే మూడు పాయింట్లు. పైనుంచి, నిలువు కర్రల మధ్యగా పంపితే ఒక పాయింటు. హాకీ అలవాటైన కంటికి ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, ఇక్కడ బంతి ఎక్కువసేపు గాల్లోనే ఉంటుంది.

షెఫ్లిన్ అసలు విద్య ఫ్రీలు కొట్టడం. ఎదుటివాళ్లు ఫౌల్ చేసినప్పుడు దక్కే ఈ అవకాశంలో బంతిని చేత్తో ముట్టకూడదు. నేల మీద ఉన్నదాన్ని కర్ర కొసతో పైకి లేపి, అది కిందపడేలోగా కొట్టాలి. లేపడం కాస్త అటూ ఇటూ అయితే దెబ్బ దారి తప్పినట్టే. పరుగూ బలమూ ఇక్కడ పెద్దగా పనికిరావు. ఖాళీ మైదానంలో ఒంటరిగా చేసిన సాధనే పనికొస్తుంది. కౌంటీల మధ్య జరిగే ఆల్ ఐర్లండ్ ఛాంపియన్‌షిప్ మ్యాచుల్లో షెఫ్లిన్ చేసిన 27 గోల్స్, 484 పాయింట్లలో చాలా భాగం ఇలా వచ్చిందే.

కౌంటీ సీనియర్ జట్టులోకి 1999లో వచ్చాడు. బ్రయన్ కోడీ కిల్కెన్నీ శిక్షకుడైన మొదటి సీజనూ అదే. ఆ ఏడాది ఫైనల్లో కార్క్ కౌంటీ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడారు. 2000లో మొదటి ఆల్ ఐర్లండ్ పతకం దక్కింది. తర్వాత 2002, 2003, మళ్లీ 2006 నుంచి 2009 దాకా వరసగా నాలుగు. ఇంత గొప్ప జట్టులో ఎవరైనా ఇన్ని గెలుస్తారనిపించవచ్చు. అందుకే షెఫ్లిన్‌ను పతకాల లెక్కతో కాక దెబ్బ తిన్న తర్వాతి రోజులతో కొలవడం న్యాయం.

కెప్టెన్‌గా ఆడిన 2007 ఫైనల్లో మోకాలి లిగమెంట్ తెగింది. 2010 సెమీఫైనల్లో మళ్లీ తెగింది. వరసగా అయిదో టైటిల్ కోసం జరిగిన ఫైనల్లో ఆ మోకాలితోనే బరిలోకి దిగాడు. పావుగంట లోపే బయటికి రావాల్సి వచ్చింది, టిప్పరేరీ గెలిచింది. సాహసమే గానీ తెలివైన పని కాదు. మరుసటేడు కోలుకుని వచ్చి, అదే టిప్పరేరీని ఓడించిన జట్టులో ఆడాడు.

2012 ఫైనల్లో గాల్వేతో స్కోరు సమంగా ఉండగా, ఆట చివర్లో పెనాల్టీ దొరికింది. వలలోకి కొట్టకుండా అడ్డుకర్ర మీదుగా పంపి ఒక్క పాయింటు తీసుకున్నాడు. ఆఖరి క్షణాల్లో గాల్వే సమం చేయడంతో ఆ నిర్ణయంపై చర్చ సాగింది. పెనాల్టీకి గోల్‌కీపర్‌తో పాటు మరికొందరూ గోలు దగ్గర అడ్డు నిలబడే రోజుల్లో చేతికందిన పాయింటు తీసుకోవడమే సరైన పని. రీప్లేలో కిల్కెన్నీయే గెలిచింది. 2014లో ఎక్కువగా సబ్‌స్టిట్యూట్‌గానే దిగినా పదో పతకం అందుకున్నాడు. అన్ని పతకాలు అంతకుముందు ఎవరికీ లేవు. కార్క్ దిగ్గజం క్రిస్టీ రింగ్‌కు ఎనిమిది.

2015 మార్చిలో సొంత ఊరి క్లబ్బుతో ఆల్ ఐర్లండ్ క్లబ్ టైటిల్ గెలిచి, కొద్దిరోజులకే కౌంటీ ఆటకు స్వస్తి చెప్పాడు. తర్వాత బాలిహేల్ శిక్షకుడిగా 2019, 2020ల్లో అదే టైటిల్ తెచ్చాడు. 2021లో గాల్వే కౌంటీ జట్టు బాధ్యత తీసుకుని 2024 దాకా ఉన్నాడు. ఆ కాలంలో లీన్‌స్టర్ ప్రావిన్స్ ఫైనల్లో రెండుసార్లు, 2022లో, 2023లో, ఓడింది కిల్కెన్నీ చేతిలోనే.