కర్మాగారములు పెరిగినను కార్మికులు పెరుగరా? మూడు మెట్ల సిద్ధాంతముపై విమర్శ

ఉన్నత పాఠశాలలో ఆర్థికశాస్త్రము బోధించునపుడు సమాజ పురోగతిని మూడు మెట్లుగా చూపుట పరిపాటి. మొదటిది వ్యవసాయము, రెండవది పరిశ్రమ, మూడవది సేవలు. జనులు పొలమునుండి కర్మాగారమునకును, కర్మాగారమునుండి కార్యాలయమునకును వరుసగా పోవుదురని దీని సారాంశము. 1935లో ఏలన్ ఫిషరు, 1940లో కోలిన్ క్లార్కు తమ గ్రంథములలో ఈ విభజనకు ప్రాచుర్యము కల్పించిరి. చూచుటకు సులభమైన బొమ్మ గనుక విద్యార్థి మనస్సులో గట్టిగా నాటుకొనును. కాని న్యూటను సూత్రమువలె ఇది అన్ని దేశములకును వర్తించునా? మన వికారాబాదు, తాండూరు ప్రాంతమును ఎదుట పెట్టుకొని పరీక్షింతము.

ఈ సిద్ధాంతములో సత్యము లేకపోలేదు. ఒకప్పుడు ప్రపంచమునకే కర్మాగారమని పేరొందిన బ్రిటనులో నేడు వస్తూత్పత్తి పరిశ్రమలలో పనిచేయువారు నూటికి పదిమందికంటె తక్కువ. అమెరికాలో 1979లో ఇట్టివారు సుమారు 1 కోటి 95 లక్షలు; 2010 నాటికి సుమారు 1 కోటి 15 లక్షలకు తగ్గి, తరువాత కొంత కోలుకొనిరి. దీనికి కారణమడిగినచో చాలమంది ఒకే మాట చెప్పుదురు: “యంత్రము వచ్చినది, పని పోయినది.” ఈ సమాధానము అసంపూర్ణము. ఎట్లో చిన్న లెక్కతో చూతము.

కార్మికుల సంఖ్య, మొత్తము ఉత్పత్తిని ఒక్కొక్కరి ఉత్పత్తిచే భాగింపగా వచ్చు ఫలము. ఒక కర్మాగారములో 100 మంది కలిసి 1,000 టన్నులు తయారుచేయుచున్నారని ఊహింతము. తలకు 10 టన్నులు. మంచి యంత్రములు వచ్చి తలకు 30 టన్నులై, ఉత్పత్తి 1,500 టన్నులకు పెరిగినచో 50 మంది చాలును. ఇక రెండవ సందర్భము. యంత్రములు మారలేదు, తలకు 10 టన్నులే. కాని సరుకు అమ్ముడుపోక ఉత్పత్తి 500 టన్నులకు పడిపోయినది. అప్పుడును మిగులువారు 50 మందియే. ఫలము ఒక్కటే, కారణములు వేరు. మొదటి కర్మాగారము పెరుగుచున్నది, రెండవది క్షీణించుచున్నది. జ్వరమొక్కటే గదా యని మలేరియాకును టైఫాయిడుకును ఒకే మందు ఇచ్చు వైద్యుని ఏమందుము?

అమెరికాలో ఈ రెండు కారణములును కలిసినవి. యంత్రములు తలసరి ఉత్పత్తిని పెంచినవి. 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన పిదప దిగుమతులు వెల్లువెత్తి అనేక పట్టణములలో కర్మాగారములు మూతపడినవి. యంత్రముపైననే నింద మోపువారు ఈ రెండవ సంగతిని మరచుచున్నారు.

తాండూరులో ఈ రెండు కారణములకును ఉదాహరణములు పక్కపక్కనే కలవు. అచట ప్రభుత్వరంగ సిమెంటు కార్పొరేషనువారి కర్మాగారమును, పరిసరములలో ప్రైవేటు కర్మాగారములును కలవు. సిమెంటు తయారీ ఆగని ప్రవాహమువంటిది. సున్నపురాయి పొడియై, సుమారు 1,450 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కాలి, క్లింకరై, మరల పొడియగును. ఉష్ణోగ్రతను, పీడనమును కొలుచు పరికరముల సాయముతో కొలిమి నంతటిని ఒక గదినుండి కొద్దిమంది నడుపగలరు. సంవత్సరమునకు 10 లక్షల టన్నుల సిమెంటు తయారుచేయు శక్తి కలిగియు ఇట్టి కర్మాగారము వేలకొలది కుటుంబములకు నేరుగా పని చూపజాలదు. ఇది మొదటి లెక్క.

అదే సున్నపురాయి మరొక రూపములో తాండూరు బండ. పొరలు పొరలుగా ఏర్పడుటచే దీనిని పలకలుగా విడదీయుట సులువు. నీలి, పసుపు వన్నెల ఈ బండలను కోసి, నునుపుచేసి, అరుగులకును ఇంటి నేలలకును పరచుదురు. ఈ పనికి చేతులు చాల కావలెను. దీనికి పోటీ తన పాకలోని యంత్రమునుండి రాలేదు. గుజరాతులోని మోర్బీ పట్టణమునుండి వచ్చినది. అచట పెద్ద కొలుములలో కాలి, ఒకే కొలతతో, పెట్టెలలో వచ్చు పింగాణీ పలకలు బండల చోటును ఆక్రమించుచున్నవి. పాలిషు కార్మికుడు పని మందగించిన దినములు చూచుచున్నచో, అది రెండవ లెక్క.

ఇక వికారాబాదు. రైల్వే జంక్షను, 2016లో జిల్లా కేంద్రమైనది. ఇచటి యువకులనేకులు రైలెక్కి హైదరాబాదునకు పనికి పోవుచున్నారు. వారి తాతలు సేద్యగాండ్రు. వీరు దుకాణములలోను, కార్యాలయములలోను, కాపలా పనులలోను ఉన్నారు. నడిమి మెట్టెక్కడ? దానిపై కాలు మోపకయే మూడవదానిపైకి వచ్చిరి. ఇది మన ఊరి వింత కాదు. వెనుక బయలుదేరిన దేశములు పారిశ్రామికోద్యోగములలో పూర్వపు దేశములంత ఎత్తునకు పోకమునుపే దిగజారుచున్నవని 2016లో డానీ రోడ్రిక్ అను ఆర్థికవేత్త నిరూపింప యత్నించెను. భారతదేశములో కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వే ప్రకారము 2023–24లో వస్తూత్పత్తిలో నున్నవారు నూటికి 11.4, వ్యవసాయములో 46.1. 2018–19లో వ్యవసాయపు వాటా 42.5 మాత్రమే. అనగా కొందరు మొదటి మెట్టునకే తిరిగి దిగిరి!

ఈ లెక్కలను చదువుటలోను జాగ్రత్త అవసరము. బండను తవ్వువాడు గనుల పద్దులోను, నునుపుచేయువాడు పరిశ్రమ పద్దులోను, మోయు లారీ డ్రైవరు సేవల పద్దులోను చేరుదురు. కర్మాగారము తన లారీలను కంట్రాక్టరుకు అప్పగించినచో, డ్రైవరు అతడే, లారీ అదే, దారి అదే. ఐనను పట్టికలో పరిశ్రమ ఉద్యోగమొకటి తగ్గి సేవల ఉద్యోగమొకటి పెరుగును. దీనిని పురోగతి యందుమా?

కావున మూడు మెట్ల బొమ్మను పాఠమునుండి తీసివేయనక్కరలేదు. అది కొన్ని దేశముల చరిత్రయే గాని అందరి భవిష్యత్తు కాదని చెప్పవలెను. కారణమును బట్టి మార్గమును మారును. సిమెంటు కొలిమివద్ద పని కోరు బాలునికి విద్యుత్తు, కొలత పరికరముల శిక్షణ కావలెను. బండల పాకలో నున్నవానికి శిక్షణ యొక్కటే చాలదు. కచ్చితమైన కొలత, కొత్త ఉపయోగములు, మంచి మార్కెటు ఉండవలెను.

ఉపాధ్యాయులొక పని చేయవచ్చును. విద్యార్థులచే తమ వీధిలోని పది కుటుంబములలో తాత, తండ్రి, కొడుకు చేసిన పనులను వ్రాయించి పట్టిక కట్టించవలెను. ఎవరు ఏ మెట్టు ఎక్కిరి, ఎవరు దాటిపోయిరి, ఎవరు దిగిరి అన్నది వారికే తెలియును. సిద్ధాంతమును పరిశీలనతో సరిచూచుట భౌతికశాస్త్రమునకు ఎంత ముఖ్యమో ఆర్థికశాస్త్రమునకును అంతే ముఖ్యము.