పట్టుగూడు వద్దు, కట్ట కావాల

చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లి, చింతామణి దాకా ఏ ఊరికి పోయినా ఒక సముదాయ భవనం ఉంటుంది. ముందర నాలుగు సిమెంటు కంబాలు, గేటుకు తాళం. పేరుపలక తీసేస్తే ఏ ఊరిదో చెప్పలేం. ఇప్పుడు చదువుకున్న పిల్లలు "మన గుర్తు కనపడేలా కట్టాల" అంటా ఉండారు. మంచి మాటే. అయితే ఒకరు పట్టుగూడు ఆకారమంటారు, ఒకరు నందికొండ ఆకారమంటారు. ఇక్కడే నాకు పేచీ.

ఆకారంతో అర్థం చెప్పడం తప్పు కాదు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023లో తెరిచిన అమరవీరుల స్మారకం ప్రమిద ఆకారంలో ఉంది. పోయినవాళ్ళకు దీపం పెట్టడం ఇంటింటి అలవాటు కాబట్టి చూడంగానే తెలుస్తుంది. కానీ అది తలుచుకునే చోటు. మనది రోజూ కూర్చునే చోటు. పట్టుగూడు ఫోటోకు బాగుంటుంది. గూట్లో చేరిన పురుగు గతి ఏమవుతుందో మాత్రం శిడ్లఘట్టలో ఎవరినడిగినా చెప్తారు!

బ్యాంకులో ఉండగా పంట అప్పుల సంగతి మాట్లాడను బాగేపల్లి తాలూకాలో ఒక ఊరికి పోయినాము. సభ భవనంలో పెట్టినాము. ఎవరూ నోరు తెరవలేదు. బయటికొచ్చి రావిచెట్టు కట్ట మీద కూర్చున్నాక ఒక పెద్దాయన అన్నాడు: "లోపల మాట్లాడితే మన మాటే మనకు తిరిగొస్తాది సార్. ఈడైతే పక్కనోడికి ఇనపడతాది." ఎవరి బోరు ఎండింది, ఎవరు బంగారం కుదవ పెట్టినారు, అన్నీ ఆ కట్ట మీదే బయటపడినాయి.

కట్ట అనే మాటనే చూడండి. చెరువుకూ కట్టే, చెట్టుకూ కట్టే. ఒకటి నీళ్ళను నిలుపుతుంది, ఒకటి మనుషుల్ని నిలుపుతుంది. కన్నడంలోనూ కట్టె అనే అంటారు. పెన్న, చిత్రావతి, పాపఘ్ని ఈ జిల్లాలోనే పుట్టినా ఏడాది పొడుగునా పారే ఏరు మనకు లేదు, చెరువే బతుకు. ఇంక చెట్టు సంగతంటారా, 1938 ఏప్రిల్ 25న జెండా కోసం జనం కూడి తుపాకీ గుండ్లకు ఎదురు నిలిచిన విదురాశ్వత్థం పేరులోనే రావిచెట్టుంది. మన ఉపమానం మన నోట్లోనే ఉంటే కొత్తగా గీయించడం ఎందుకు?

కాబట్టి నేను అడిగేది చిన్నది. కంబాల వరండా బదులు మూడు పక్కలా మెట్లమెట్లుగా రాతికట్ట, నడుమ చెట్టు, వానకు సగం కప్పు. రాయికి మనకు కొరత లేదు. వాననీళ్ళు బయటికి పోయే చోట "మరవ" అని, నీళ్ళు వదిలే చోట "తూము" అని చెక్కించండి. కన్నడ లిపిలోనే చెక్కించండి, మన పిల్లలకు వచ్చిన అక్షరాలు అవే. కైవార తాతయ్య తెలుగు పాటలను మనం ఆ లిపిలోనే చదువుకోవడం లేదా?

2025 జులైలో నందికొండ మీద కూడిన మంత్రివర్గం బాగేపల్లిని భాగ్యనగర చేయాలని తీర్మానించింది. పలకల మీద పేర్లు మారతాయి. ఇంట్లో తప్ప యాడా రాయని మన మాట నిలవాలంటే, దాన్ని మాట్లాడుకునే చోటు ఉండాల. ఆకారం తర్వాత చూసుకుందాం.