దశమభాగమా, కానుకయా?

క్రైస్తవ ప్రసంగము తెలుగు వచనములోని యొక శాఖ యని మన సాహిత్య విమర్శకులు తలపరు. వారమువారము ఇన్ని కుటుంబములు ఇంత శ్రద్ధతో వినెడి వచనము మరియొకటి మన నగరమున గలదా? హైదరాబాదునకు తూర్పున నున్న ఉప్పల్, నాచారం ప్రాంతములలో ఆదివారమునాడు పెద్ద దేవాలయములందే గాక అద్దె హాళ్లలోను, మేడలమీది రేకుల కప్పుల క్రిందను ఆరాధనలు జరుగుచుండును. వచ్చువారిలో నాచారపు పారిశ్రామికవాడలో నెలజీతమునకో దినకూలికో పనిచేయువా రనేకులు. అట్టి సభలలో తరచుగా వినబడు దశమభాగ ప్రసంగమును మేమిచ్చట విమర్శింపదలచితిమి.

దాని నడక స్థిరపడినది. మలాకీ ప్రవక్త గ్రంథము మూడవ అధ్యాయము పదియవ వచనముతో ప్రారంభము. రాబడిలో పదియవవంతు దేవుని మందిరమునకు తెచ్చి, ఆయన ఆశీర్వదించునో లేదో పరీక్షింపుడని దాని భావము. పిమ్మట సాక్ష్యములు: ఇచ్చినవానికి ఉద్యోగమున హెచ్చింపు వచ్చెను, ఇయ్యనివాని సొమ్ము ఆసుపత్రి పాలయ్యెను. తుదకు పేరు వ్రాసిన కవరు. ఇప్పుడు దానికి తోడు వేదిక ప్రక్కన క్యూఆర్ కోడు పలక. వినువారి మనస్సును కదలించుటలో ఈ ప్రసంగమునకు లోపము లేదు. లోపము గ్రంథమును చదువుటయందున్నది.

అదే అధ్యాయమున, ఐదు వచనములకు ముందే, దేవుడు తానెవరిపై సాక్ష్యము పలుకబోవునో చెప్పెను. కూలివానిని కూలి విషయమున బాధించువారు, విధవలను తండ్రిలేని పిల్లలను పీడించువారు, పరదేశికి అన్యాయము చేయువారు ఆ పట్టికలో నున్నారు. కర్మాగారముల నడుమ నిలిచి ప్రసంగించు బోధకుడు ఐదవ వచనమును దాటి పదియవదానిపై దుముకుట మాకు వింతగా దోచుచున్నది. మొదటి రెండధ్యాయములలోని మందలింపు పెద్దపాలు యాజకులకే తగిలినది. ఆ సంగతియు వినబడదు.

ధర్మశాస్త్రమును జూతము. లేవీయకాండము 27వ అధ్యాయమున దశమభాగము భూమి పంటపై, చెట్ల ఫలములపై, పశువులపై విధింపబడెను. భూమి లేని కూలివాడు ఈ లెక్కలోనికి ఎట్లు వచ్చును? వానికై విడువబడినది పొలము అంచులలోని పంట, కోతలో రాలిన వెన్నులు. రూతు పరిగె యేరుకొన్న కథ యట్టిదే. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయము ప్రకారము మూడవయేటి దశమభాగము ఊరిలోనే నిలువచేయబడి, స్వాస్థ్యము లేని లేవీయులతో పాటు పరదేశులును, తండ్రిలేనివారును, విధవలును తిని తృప్తిపొందవలెను. పుచ్చుకొన్న లేవీయుడు సైతము అందులో పదియవవంతు తిరిగి యర్పింపవలెనని సంఖ్యాకాండము 18వ అధ్యాయము విధించుచున్నది. విధి నాశ్రయించువారు విధి నంతయు ఆశ్రయింపవలదా?

మాటలలోనే తికమక యున్నది. సంస్కృత ధర్మగ్రంథములు చదివినవారికి భాగమనగానే రాజు పుచ్చుకొను షడ్భాగము స్ఫురించును. అది బాకీ, ఎగవేసినవాడు దోషి. కానుక అట్టిది కాదు. పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో, విచారముతో గాక, బలవంతము లేక, మనస్సులో నిశ్చయించుకొన్నట్లు ఇయ్యుమనుట కానుకను గూర్చియే. మన ప్రసంగకర్త భాగమని భయపెట్టి, కానుక యని పొగడి, తుదకు పదింతలు వచ్చునని ఆశ పెట్టును. ఆశ పెట్టిన పిమ్మట అది ముడుపు. పనియైనచో ఇంత చెల్లింతునని పసుపుగుడ్డలో రూక ముడివేయు ఇల్లాలిని మూఢురాలనువారు, ముందే చెల్లించి పనికై కనిపెట్టుకొనుటను విశ్వాసమని యేల పిలువవలెను? ప్రత్యుపకారము కోరి ఇచ్చు దానమును గీత పదునేడవ అధ్యాయము రాజసమని వేరుచేసినది.

అట్లని బీదలను కానుక లడుగనే రాదందుమా? అనము. 1909లో డోర్నకలునకు వచ్చి 1912లో అచ్చటి బిషప్పయిన వి. ఎస్. అజరయ్య ఈ ప్రశ్న నెదుర్కొనెను. ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పు ఆయనయే. ఆయన సంఘస్థులలో అధికులు పల్లెల మాల మాదిగలు. సంఘము విదేశ ధనముపై నిలువరాదని ఆయన పట్టుదల. ఎల్లకాలము పుచ్చుకొనువారుగనే యుంచుట దయ కాదు గదా. అచ్చటి ఇల్లాండ్రు వంటకు బియ్యము తీయునపుడు పిడికెడు వేరుగా దాచి దేవునికి తెచ్చిరి. మిజోరములోను 1910 నుండి ఇట్టి యాచారమే సాగుచున్నది. ఆ పిడికిట పదియవవంతు లెక్క లేదు. కూలి దొరకనినాడు పొయ్యి రాజదు, పిడికెడును లేదు. ఎవరును ఆమెను దొంగ యనరు. ఇచ్చునది ఆమె చేయి, కొలత ఆమె యింటి కుండ.

చిన్న సంఘముల కాపరులకు పైనుండి జీతము వచ్చుట అరుదు. హాలు అద్దె, కరెంటు బిల్లు విశ్వాసులే భరింపవలెనని మేమెరుగుదుము. ఎరిగియే యడుగుచున్నాము: ఏడాదికొకసారి ఆదాయవ్యయములను సంఘము నెదుట చదువుటకు అడ్డమేమి? అట్లు చదువుచోట బెదిరింపుల యవసర మంతగా నుండదని మా యూహ.

ఈ ప్రసంగమున బీద విధవరాలి రెండు కాసుల కథయు తరచుగా వచ్చును. మార్కు సువార్త 12వ అధ్యాయములోని యా కథకు సరిగా ముందున్న 40వ వచనమున, విధవల యిండ్లు దిగమ్రింగు శాస్త్రులను గూర్చి యేసు హెచ్చరించెను. బోధకులు ఆ కథను చెప్పుట మాకును ఇష్టమే. 40వ వచనము మొదలుకొని చదివి చెప్పుదురుగాక.