ముక్క చెప్పేది, మాత్రల షీటు చెప్పేది

మా తోటపల్లి గూడూరు వైపు ఒంటి మీద బొబ్బలు లేస్తే ముందు వచ్చే మాట "అమ్మోరు పోసింది". పక్క మీద వేపాకు పరుస్తారు, ఆసుపత్రి సంగతి వెనక్కి పోతుంది. నోరంతా పుండై, దుప్పటికి చర్మం అంటుకుని ఊడొచ్చాక నెల్లూరు బయల్దేరతారు. అప్పుడు నా బల్ల మీదికి వచ్చేది మిరియపు గింజంత చర్మం ముక్క.

ఫార్మలిన్‌లో వచ్చిన ముక్క మైనంలో దిగి, కోతకొచ్చి, రంగు పట్టేసరికి రోజు గడుస్తుంది. ఆగలేని కేసుల్లో తాజా ముక్కను గడ్డకట్టించి కోస్తాం, అరగంటలో తేలుతుంది. చర్మం ఏ పొర దగ్గర విడిందన్నదే నేను వెతికేది. పసిపిల్లల్లో స్టాఫ్ క్రిమి విషం వల్ల ఊడితే చీలిక పైపైనే ఉంటుంది, దానికి యాంటీబయాటిక్ కావాలి. మందు వికటించిన టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్‌లో పైచర్మం అడుగు దాకా చచ్చి మొత్తంగా లేస్తుంది. అక్కడ ముందు మందు ఆపాలి. 1956లో లైల్ అనే చర్మవైద్యుడు ఈ జబ్బుకు పేరు పెట్టాక కూడా కొన్నేళ్లు ఈ రెండూ కలగలిసిపోయేవి.

చచ్చిన కణాలు పాలిపోయిన గులాబీ రంగులో ఉంటాయి. వాటి పైన కొమ్ము పొర మాత్రం తాటాకు బుట్ట అల్లికలా చెక్కుచెదరదు. చావు ఎంత హఠాత్తుగా వచ్చిందో ఆ అల్లికే చెబుతుంది. ఎన్నిసార్లు చూసినా నా చెయ్యి ఫోకస్ మీద ఆగిపోతుంది.

ఏ మందు అన్నది మాత్రం స్లైడు చెప్పదు. ఫిట్స్‌కిచ్చే కార్బమజెపైన్, ఫెనిటోయిన్, సల్ఫా మాత్రలు, యూరిక్ యాసిడ్‌కిచ్చే అల్లోప్యూరినాల్ పెద్ద అనుమానితులు. జబ్బు ఎక్కువగా మందు మొదలుపెట్టిన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల్లో బయటపడుతుంది. అందుకే వార్డుకు నేనే వెళ్లి అడుగుతాను. తేలిన కేసును, మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ వాళ్ల 1800-180-3024కు ఎవరైనా చెప్పొచ్చు, రోగి ఇంటివాళ్లయినా సరే.

ఒకామె తన భర్త ఏ మందూ వాడలేదని రెండుసార్లు చెప్పింది. తర్వాత నెమ్మదిగా, "కాళ్ల నొప్పులకిచ్చిన మాత్రలు, అయ్యి కూడా మందులేనా సార్?" అంది. కొంగుముడి విప్పింది. షాపులో కత్తెరతో కోసిచ్చిన షీటు ముక్క, రెండు మాత్రలు, రేకు మీద సగం తెగిన మూడక్షరాలు. ఆమె కొడుకు దాన్ని ఊళ్లో షాపుకు తీసుకెళ్లి మిగతా షీటు పక్కన పెట్టించి ఫోన్ చేశాడు. అల్లోప్యూరినాల్, కొని 19 రోజులు. ఆ పేరు, ఆ తేదీ కేసు షీటు మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాయించాను.