మూడవ మితి: మూలమా, వ్యాఖ్యానమా?

పాత కృతికి క్రొత్త తొడుగు తొడిగి లోకము ముందుకు తెచ్చినప్పుడు ఆ తొడుగు కృతికి అంగమగునా, లేక పైపూతగా మిగులునా అన్న ప్రశ్న సాహిత్యమునకు క్రొత్తది కాదు. మన వ్యాఖ్యాతలు దానిని ఏనాడో ఎదుర్కొన్నారు. కాళిదాసుని కావ్యములకు వ్యాఖ్య వ్రాయబూనిన కోలాచల మల్లినాథసూరి, మూలమున ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు మొదటనే మాట యిచ్చి మరి కలము పట్టినాడు. పాత చలనచిత్రములు త్రిమితిలో, జనవ్యవహారమున త్రీడీలో, మరల వెలువడుచున్న ఈ కాలమున మల్లినాథుని నియమము సినిమా విమర్శకును పనికివచ్చునేమో పరిశీలింపదగియున్నది.

ఈ పరిశీలనకు తగిన చిత్రమొకటి కలదు. హెన్రీ సెలిక్ దర్శకత్వమున 1993 అక్టోబరులో అమెరికాలో విడుదలయిన 'ది నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్' అను బొమ్మల చిత్రమది. టిమ్ బర్టన్ డిస్నీ సంస్థలో చిత్రకారుడుగా నుండిన కాలమున, 1982లో, వ్రాసిన ఒక పద్యము దీనికి బీజము. పాటలు డానీ ఎల్ఫ్‌మన్‌వి. నాయకుడైన జాక్‌కు పాటలలో గొంతు అరువిచ్చినదియు ఆయనయే. పిల్లలు జడిసికొందురేమో నను సంకోచముచే డిస్నీవారు దీనిని తమ పేర గాక టచ్‌స్టోన్ అను అనుబంధ సంస్థ పేర విడుదల చేసినారు. పదమూడేండ్ల పిమ్మట, 2006 అక్టోబరులో, అదే డిస్నీవారు తమ సొంత పేరుతో త్రిమితి రూపమున మరల తెచ్చినారు. మొన్నటి డిసెంబరులో పుదుచ్చేరిలో ఒక మిత్రుని యింట ఆ త్రిమితి ప్రతిని చూచుట తటస్థించినది.

కథ చిన్నది. అక్టోబరు 31వ తేదీన పడమటి దేశముల పిల్లలు దయ్యముల వేషములు వేయు హాలోవీన్ పండుగ కొక పట్టణము, క్రిస్మస్ పండుగ కొక పట్టణము కలవు. మొదటి పట్టణమునకు దొర వంటివాడు జాక్ అను అస్థిపంజరము. ఏటేటా జనమును బెదరించుట అతనికి విసుగెత్తినది. అడవిలో దారి తప్పి క్రిస్మస్ పట్టణమున అడుగిడి, ఆ మంచును, దీపములను చూచి మురిసి, ఈసారి ఆ పండుగను తానే నడిపెద నని పూనుకొనును. ఫలితము చెప్పనక్కరలేదు.

ఈ చిత్రము గీసినది కాదు, నిలిపినది. చేతికందు ప్రమాణములో బొమ్మలు చేసి, వానికి తగిన వీధులు, కొండలు, ఇండ్లు కట్టి, ఒక్కొక్క భంగిమను వెంట్రుకవాసి మార్చుచు ఒక్కొక్క ఫ్రేముగా తీసినారు. తెరపై ఒక సెకను నడచుటకు ఇరువదినాలుగు ఫ్రేములు కావలెను. జాక్ ముఖమున భావములు మార్చుటకు సుమారు 400 తలలు చేసినారు. పని మూడేండ్లు పట్టినది. ఇంత పాటుపడి నిర్మించిన లోతును కెమేరా ఒక్క క్షణమున చదును చేసివేసినది. కెమేరా ఒంటికంటి జీవి. ఎంత లోతయిన లోకమైనను దానికి పలుచని పొరయే. బొమ్మ నిలుచున్న చోటికిని దాని వెనుక గోడకును నడుమ జానెడు చోటు నిజముగా నుండెను. ఆ జానెడు చోటు పదమూడేండ్లపాటు ఫిల్మునందు మరుగుపడి యుండినది.

దానిని వెలికి తీసిన విధము వినదగినది. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థవారు పాత ఫ్రేమును ఒక కంటికి ఉన్నదున్నట్లు ఉంచినారు. రెండవ కంటికొరకు ఆ దృశ్యముయొక్క ఆకృతిని కంప్యూటరులో మరల కట్టి, దానిపై పాత ఫ్రేమునే ప్రసరింపజేసి, చూపును కొంచెము ప్రక్కకు జరిపి చూచినారు. చిక్కంతయు ఇక్కడనే కలదు. చూపు జరిగినప్పుడు జాక్ భుజము చాటున ఇంతకుముందు కెమేరా చూడని ఒక సన్నని చీలిక బయటపడును. అది ఏ ఫ్రేమునను లేదు. దానినెవరో పూరింపవలెను. మల్లినాథుని మాటలో చెప్పినచో అది అమూలము.

అయినను నాకు ఈ పూరణ అపచారముగా తోచలేదు. ఆ చీలికలోని గోడముక్క ఫిల్ముపై లేకపోయినను లోకమున ఉండెను. సాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆ పనిశాలలో నిలిచి చూచినవాని రెండు కన్నులకును కనబడెను. పైగా ఈ దర్శకుడు లోతును నమ్మి చిత్రించినాడు. అతని కెమేరా సమాధుల నడుమనుండి దూరిపోవును, మెట్లపై ప్రాకును, మెలిదిరిగిన కొండచుట్టు తిరుగును. పున్నమి చంద్రుని ముందర చుట్టచుట్టుకొనిన ఆ కొండకొనపై జాక్ పాడుచు నడచునప్పుడు, క్రింద గుమ్మడికాయల తోట ఎంత దిగువనున్నదో త్రిమితిలో మొదటిసారి తెలిసినది. అతని ఒంటరితనము పాట చెప్పినంతకంటె ఆ ఎత్తు ఎక్కువ చెప్పినది. 1984లో మలయాళమున వెలువడిన మన దేశపు తొలి త్రిమితి చిత్రము 'మై డియర్ కుట్టిచాత్తన్', తెలుగున 'చిన్నారి చేతన', చూచినవారికి ఐస్‌క్రీముకై చేతులు చాచిన పిల్లలు జ్ఞాపకముందురు. వస్తువును ప్రేక్షకుని మీదికి విసరుట ఆ ముచ్చట. ఈ చిత్రమున విసరుట లేదు, లోనికి పిలుచుటయే కలదు. విసరుటకు వీలయిన చోట్లు లేకపోలేదు గాని, మూలమున లేని చాపల్యము రెండవ కంటివారికిని కలుగలేదు.

నష్టము లేదనజాలము. కండ్లద్దములు వెలుగును కొంత మ్రింగును. అసలే చీకటి నలుముకొనిన చిత్రమిది. అంతకంటె సూక్ష్మమైన నష్టమొకటి కలదు. హాలోవీన్ పట్టణమును కట్టిన కళాకారులు గోడలపైని మట్టిపైని గీతలు గీరి, కలముతో గీసిన బొమ్మవలె కనబడునట్లు చేసినారు. నిజమైన లోతును గీతగా భ్రమింపజేయుట వారి సంకల్పము. త్రిమితిలో ఆ గీత మరల గోడయై కూర్చుండినది. బొమ్మ గెలిచినది, కలము ఓడినది. చిత్రముయొక్క సొగసులో సగము ఆ రెంటి పెనగులాటలోనే యున్నదని ఎరిగినవారికి ఈ గెలుపు పూర్తిగా రుచింపదు. రెండు ప్రతులను చూడవలెననియే నా మాట. మొదట చదును ప్రతిని.

ఆ రాత్రి మిత్రుని యింటి వీధిలో కాగితపు నక్షత్రములు వ్రేలాడుచుండెను. మిషన్ వీధిలోని జన్మరాకిని మాత ఆలయమున పశువులపాక అమర్చియుండిరి. గడ్డి, గొర్రెలు, కాపరులు, నడుమ తొట్టిలో శిశువు. సంక్రాంతికి మన యిండ్ల మెట్లపై కొలువుదీరు బొమ్మలకు ఇది దాయాది. ముందు వరుస, వెనుక వరుస అను ఎడమ లేకున్న కొలువు లేదు. పండుగను బొమ్మలలో నిలుపుకొను జాతికి లోతు వింతకాదు, అలవాటు.

జాక్ చేయు తప్పు ఈ పట్టణమున మరింత స్పష్టముగా తెలిసినది. అతడు క్రిస్మస్‌ను తెలిసికొనుటకు ప్రయోగశాలలో కూర్చుండి అలంకారపు గాజుగుండ్లను పగులగొట్టును, మిఠాయిని సూక్ష్మదర్శినిలో చూచును. వస్తువులన్నియు చేజిక్కినవి, పండుగ చిక్కలేదు. ప్రేమతోనే అతడు పంచిన కానుకలలో పాములును, ముడుతలు పడిన తలకాయలును ఉన్నవి. పరభాషా కృతిని ఇట్లే ప్రేమతో అనువదించి చంపినవారు మనలో లేకపోలేదు. పుదుచ్చేరి ఇందుకు భిన్నమైన ఉదాహరణము. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి గవర్నరు డూప్లే కొలువున దుబాసీగా నుండి తమిళమున దినచర్య వ్రాసికొనిన ఆనందరంగ పిళ్లకు కస్తూరి రంగకవి అంకితమిచ్చినది ఒక తెలుగు ఛందశ్శాస్త్రము, 'ఆనందరంగరాట్ఛందము'. ఫ్రెంచి దొరతనము, తమిళపు ఇల్లు, తెలుగు లక్షణము ఒక్కచోట చేరినవి. ఒకటి మరియొక దాని వేషము వేయలేదు.

మూడవ మితి ఎల్లయెడల శోభించునని దీనివలన తేలదు. మన తోలుబొమ్మలాటను త్రిమితిలో ఊహింపుడు. వెలుగు వెనుకనుండి రావలెను, తోలు రంగురంగుల గాజువలె మెరయవలెను, బొమ్మ తెరకు అంటుకొని యుండవలెను. తెరనుండి బొమ్మ ఎడమయినచో అంచు మసకబారును. ఆటగాడు ఆ మసకను వాడుకొనును గాని దానిలో నివసింపడు. ఆ కళకు చదునుతనము కొరత కాదు, ప్రాణము. దానికి లోతు చేర్చుట ద్విపదకు మూడవ పాదము చేర్చుట వంటిది.

తెలుగువారి సొంత ఉదాహరణము 'మాయాబజార్'. కె.వి. రెడ్డి దర్శకత్వమున 1957లో వెలువడిన ఆ చిత్రమునకు హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్‌వారు రంగులద్ది 2010 జనవరిలో విడుదల చేసినారు. జనము మెచ్చినారు. అక్కడను ఇట్టి వాదమే వినబడినది: సెట్టుపై రంగులు నిజముగా ఉండెను గదా, కెమేరా పోగొట్టినదానినే తిరిగి యిచ్చితిమి గదా యని. ఈ వాదము చూచుటకు బొమ్మల చిత్రపు వాదమువలెనే యున్నది గాని, కాదు. నలుపు తెలుపుల కాలమున బట్టకు, గోడకు రంగు ఎన్నుకొనుట అది తెరపై ఏ బూడిదవన్నెగా దిగునో చూచుకొని. సెట్టుపైని రంగు సాధనమే గాని సాధ్యము కాదు. మార్కస్ బార్ట్లే చిత్రించినది వెన్నెలను, నీటిని, వెలుగునీడలను. శశిరేఖాభిమన్యులు నావలో సాగు రాత్రికి నీలిరంగు పూసినప్పుడు వెన్నెల అధికము కాలేదు, తగ్గినది. సెట్టుపై ఉండిన ప్రతిదియు మూలము కాదు; కర్త తెరకై ఉద్దేశించినదే మూలము. సెలిక్ లోతును ఉద్దేశించినాడని అతని కెమేరా నడకయే సాక్ష్యము. అతడే 2009లో 'కోరలైన్' తీసినప్పుడు, బొమ్మ కదలక నిలుచు నను సౌలభ్యమును గ్రహించి, ఒక్క కెమేరానే ప్రక్కకు జరిపి ప్రతి భంగిమను ఎడమ కంటికొకసారి, కుడి కంటికొకసారి చిత్రింపజేసినాడు. 1993లో చేయనిది ఆ ఒక్క జరుపు మాత్రమే.

పుదుచ్చేరి వీధులును ఇట్లే రెండు కన్నులతో చిత్రింపబడినవి. యాన్ మార్టెల్ నవల ననుసరించి ఆంగ్ లీ తీసిన 'లైఫ్ ఆఫ్ పై' 2012లో త్రిమితిలోనే పుట్టినది. ఇక్కడి బొటానికల్ తోట అందులో జంతుప్రదర్శనశాల అయినది. అయితే ఆ చిత్రమునకు ఆయువుపట్టయిన పెద్దపులి చాలవరకు ఏ కెమేరా ముందరను నిలువలేదు. కంప్యూటరున రోమము రోమముగా అల్లినది. ఆ పులికి సెట్టుపై మూలము లేదు, కర్త భావనలో కలదు. దాని లోతును శంకించిన ప్రేక్షకుని నేనెరుగను. ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు అమెరికాలోనే గాక హైదరాబాదులోను శాఖ ఉండినది, పనిలో కొంత అక్కడి కళాకారుల చేతులమీదుగా సాగినది. 2013 ఫిబ్రవరిలో ఆ చిత్రమునకు దృశ్యప్రభావముల ఆస్కారు వచ్చునాటికి సంస్థ దివాలా అర్జీ పెట్టుకొని కొద్దిదినములే అయినది. జాక్ భుజము చాటున చీలికను పూరించినవారి పేర్లు చిత్రము చివర సన్నని అక్షరములలో వేగముగా దొర్లిపోయినవి. మల్లినాథుని పేరు మాత్రము ముఖపత్రముపై కాళిదాసు ప్రక్కనే అచ్చగుచున్నది.