ఆల్కేన్ల పేర్లు: బట్టీ పట్టాలా, అర్థం చేసుకోవాలా?

కర్బన రసాయనం పాఠంలో ఆల్కేన్ల పేర్లను ఒక పట్టికగా ఇచ్చి కంఠస్థం చేయమనడం నాకు నచ్చలేదు. 1892లో జెనీవాలో రసాయన శాస్త్రవేత్తలు సమావేశమై నియమాలు పెట్టుకున్నది, నిర్మాణాన్ని బట్టి పేరు ఉండాలనే కదా!

మీథేన్ నుంచి బ్యూటేన్ దాకా నాలుగు పేర్లు పాత వాడుక నుంచి వచ్చాయి. బ్యూటేన్ వెనక ఉన్నది నాలుగు అంకె కాదు, వెన్నను చెప్పే లాటిన్ మాట. ఈ నాలుగూ గుర్తు పెట్టుకోవాల్సిందే. ఐదు నుంచి మాత్రం అంకెలే: పెంటా, హెప్టా, ఆక్టా, డెకా. మనకు తెలిసిన పంచ, సప్త, అష్ట, దశలకు ఇవి చుట్టాలు. ఈ ఒక్క మాట పాఠంలో ఉంటే సగం భయం పోయేది.

'సైక్లో' సంగతీ అంతే. హెక్సేన్‌లో 14 హైడ్రోజన్లు, సైక్లోహెక్సేన్‌లో 12. గొలుసు రెండు కొసలూ కలిపితే ఒక్కో కొస నుంచి ఒక్కో హైడ్రోజన్ పోతుంది. ఈ కారణం చెప్పకుండా సూత్రం ఒక్కటే ఇస్తే ఎలా? మిథైల్‌సైక్లోహెక్సేన్‌కు అంకె ఎందుకు అక్కర్లేదో కూడా చెప్పలేదు. వలయంలో మొదలూ చివరా లేవు, ఆరు స్థానాలూ సమానమే. మిథైల్ సమూహాలు రెండుంటేనే అంకెలు కావాలి.

పై చదువుల్లో మన మాధ్యమం మారినా ఈ పేర్లు మారవు. అందుకే వీటిని ఇప్పుడే కారణంతో సహా నేర్పాలి.