బోదె నీళ్లకు ఇద్దరు సాక్షులు

స్టూవర్టుపురం పొలాల్లో వరిగడ్డి మురిగే రోజుల్లో బోదెలో సీసా ముంచి ఎత్తితే నీళ్లు పలచని టీ డికాషన్ రంగులో ఉంటాయి. ఆ రంగు వెనక వేల రకాల కర్బన అణువులు: గడ్డి లిగ్నిన్ ముక్కలు, సూక్ష్మజీవుల చక్కెరలు, రేపల్లె వైపైతే రొయ్యల మేత కొవ్వులు. సాక్ష్యానికి పిలవదగ్గవి రెండు: మాస్ స్పెక్ట్రోమీటరు, ఎన్‌ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం).

మాస్ తూకం వేస్తుంది. 1974లో కోమిసారో, మార్షల్ మొదలుపెట్టిన ఎఫ్‌టీ-ఐసీఆర్ అనే మాస్ పద్ధతిలో ఆ తూకం ఎంత సన్నమంటే, ఒక్క సీసాలో వేల ఫార్ములాలు తేలతాయి. ఘనమే. కానీ ఫార్ములా ఒకటై నిర్మాణం వేరైన అణువులు దానికి ఒకటే. పైగా విద్యుదావేశం ఎక్కినవే తక్కెడ ఎక్కుతాయి: ఆమ్లాలు ముందుకొస్తాయి, చక్కెరలు మూలన పడతాయి. స్పెక్ట్రంలో ఎత్తయిన గీత చూసి ‘ఇదే ఎక్కువ’ అంటే నేనొప్పుకోను.

ఎన్‌ఎంఆర్ తూచదు, ఇరుగుపొరుగును అడుగుతుంది. అయస్కాంతంలో ప్రతి హైడ్రోజన్ పక్కనున్న పరమాణువులను బట్టి తన ఫ్రీక్వెన్సీ కాస్త మార్చుకుంటుంది. ఆ మార్పును పీపీఎంలలో చెబితే, కొవ్వు గొలుసులవి 1 చుట్టూ, చక్కెరలవి 3.2–4.5 మధ్య, లిగ్నిన్ వలయాలవి 6.5 దాటాక. గీత కింది వైశాల్యం హైడ్రోజన్ల సంఖ్యను బట్టి ఉంటుంది గనక ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది. పేర్లు అడిగితే మాత్రం తడబడుతుంది. గీతలన్నీ కలిసి గుట్టలవుతాయి. కార్బన్ సాయంతో విడదీద్దామంటే, కనబడే కార్బన్-13 ప్రకృతిలో 1.1 శాతమే. లీటరుకు మైక్రోగ్రాముల్లో ఉండే పురుగుమందు సంగతి దీన్ని అడగడం వృథా, అది మాస్ పనే.

1913లో సాల్వేషన్ ఆర్మీ నెలకొల్పిన స్టూవర్టుపురం ఎరుకలందరికీ నేరస్థులని ఒకే ముద్ర వేసిన చట్టం దేశమంతటా 1952లో పోయింది. బ్లాక్, పర్సెల్‌లకు ఎన్‌ఎంఆర్ మీద నోబెల్ వచ్చిందీ ఆ ఏడే. ముద్రలు రసాయనశాస్త్రంలోనూ ఉన్నాయి. క్షారంలో కరిగి, ఆమ్లం పోస్తే అడుగున పేరుకునే దానికల్లా ‘హ్యూమిక్ ఆమ్లం’ అని పేరు. అది మట్టిలోని పదార్థం కాదు, తీసే పద్ధతి పుట్టించిందని 2015లో నేచర్ పత్రికలో లేమాన్, క్లీబర్ వాదించారు.

2006లో హెర్ట్‌కార్న్ బృందం పసిఫిక్ నీటికి ఇద్దరు సాక్షులనూ పిలిచింది. నా సీసా హైదరాబాదులోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీకి వెళితే మాత్రం ముందు ఎన్‌ఎంఆర్‌కే ఇమ్మంటాను. నీరు ఎండగట్టి, మిగిలింది భారజలంలో కరిగించి గొట్టంలో పోస్తే అరమిల్లీలీటరు చాలు. చూశాక అదే గొట్టం మాస్‌కు పంపొచ్చు. మాస్ నుంచి వెనక్కి వచ్చేదేమీ ఉండదు.